బోర్డు మీద మిగిలిన బిళ్ళలు: అలివేలుమంగ గారి ముప్పైమూడేళ్ల సేవ

1992వ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీ, సోమవారం ఉదయం, మంథని బస్సు దిగి, తడిసిన గొడుగును ముడిచి చంకలో పెట్టుకొని, గోదావరిఖనిలోని మన కార్మిక కుటుంబ సేవా సమితి కార్యాలయంలో శ్రీమతి అలివేలుమంగ గారు టైపిస్టుగా విధులలో చేరారు. చేరిన రోజున చూపించిన కుర్చీలో ఆమె పట్టుమని పది నిమిషాలు కూర్చోలేదని అప్పటి కార్యదర్శి రఘుపతి గారు చాలాకాలం చెప్పుకొని నవ్వేవారు. 2025 జూలై ముప్పై ఒకటవ తేదీన ఆమె పదవీ విరమణ చేసేనాటికి సమితిలో కుర్చీలు, బల్లలు, కార్యదర్శులు అందరూ మారారు. ఆ అలవాటు మాత్రం మారలేదు. ఆమె వెనుక సిబ్బంది ఆమెను ‘కాలుగాలిన పిల్లి’ అనుకునేవారని మన సమితి పత్రిక ఈ సంచికలో ఒప్పుకోవడానికి జంకనక్కరలేదు, ఎందుకంటే ఆ సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

ఈ వ్యాసం రాస్తున్న వేణుమాధవ్ ఆమె వద్ద పదకొండేళ్లు రికార్డు అసిస్టెంటుగా పనిచేసినవాడు. ఆమెను పొగడమని సంపాదక వర్గం అతనికి పని అప్పగించింది. పొగడ్త అంటే ఆమెకు గిట్టదు. కనుక జరిగింది జరిగినట్టుగా రాయడమే అతనికి మిగిలిన దారి.

తొలి సంవత్సరాలలో ఆమె పని చాలా చిన్నది. గనిలో భర్తను పోగొట్టుకున్న స్త్రీలు, ఒళ్లు చెడి ఇంటికి చేరిన కార్మికులు పింఛను కోసం, వైద్యం కోసం పెట్టుకునే దరఖాస్తులను శుభ్రంగా టైపు చేసి ఇవ్వడం, అంతే. కాగితం యంత్రం నుంచి బయటికి రాగానే టైపిస్టు బాధ్యత తీరిపోవాలి. ఆమెకు తీరేది కాదు. రెండు నెలలు తిరగకముందే ఆ దరఖాస్తు పెట్టుకున్నవారి గుమ్మంలో నిలబడి, “కాగితం ఇచ్చినం సరే, మరి పని అయిందా?” అని అడిగేవారు. కాకపోతే మళ్ళీ టైపు యంత్రం ముందుకు వచ్చేవారు. అడగని పనికి ఎందుకు తిరుగుతావని తోటివారు విసుక్కుంటే, తెలియకపోతే తనకు అన్నం సయించదని చెప్పేవారు. అది నిజం. ఆమె మధ్యాహ్న భోజనం డబ్బా మూత తీయకుండానే సాయంత్రం ఇంటికి తిరిగివెళ్లిన రోజులు సిబ్బంది అందరూ చూశారు.

1997లో కార్యాలయ సహాయకురాలిగా, 2006లో కార్యక్రమ అధికారిణిగా పదోన్నతి పొందిన అలివేలుమంగ గారు, 2009లో వృద్ధ కార్మికుల కోసం, వితంతువుల కోసం మన పగటి సేవాకేంద్రాన్ని ప్రారంభించడంలో ప్రధాన పాత్ర వహించారు. ఉదయం వ్యాను వెళ్లి వారిని ఇళ్ల దగ్గర ఎక్కించుకొని వస్తుంది. బీపీ, షుగరు పరీక్షలు, మోకాళ్లకూ ఊపిరికీ వ్యాయామాలు, మధ్యాహ్నం భోజనం, కావలసినవారికి కాగితాల పనిలో సాయం. సాయంత్రం మళ్ళీ ఇంటికి. పేరు నమోదు చేసుకున్నవారు నూట పద్దెనిమిది మంది. ఈ వివరాలన్నీ సమితి వార్షిక నివేదికలలో ఉన్నవే. నివేదికలలో లేనిది ఆమె పోరు. “మనం చేస్తున్నది వాళ్లకు పనికొస్తున్నదా? పనికొస్తున్నదని మనకు ఎట్ల తెలుస్తది?” అని ప్రతి సమావేశంలోనూ అడిగి, ప్రతి కార్యదర్శికీ తలనొప్పి తెప్పించేవారు.

ఆ పోరు పడలేకనే 2014లో సమితి ఆమెను సేవా నాణ్యత విభాగానికి బాధ్యురాలిని చేసింది. ఆమె ఒక పత్రం తయారు చేశారు. చదువు రానివారికి కూడా వీలుగా అందులో మూడు మొహాలు గీయించారు: నవ్వు మొహం, మామూలు మొహం, ఏడుపు మొహం. మూడు నెలలకొకసారి కేంద్రానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ కుర్చీ వేసి కూర్చోబెట్టి, చేతికి చాయ్ ఇచ్చి, ఆ తర్వాతనే పత్రం ముందు పెట్టాలన్నది ఆమె విధించిన నియమం. ఎంతైనా మంథనిలో పుట్టి పెరిగిన మనిషి. ఎదుటివారి గొంతు తడపకుండా మాట అడగడం ఆమె ఇంటా వంటా లేదు.

మొదటిసారి సరిగ్గా వంద మంది పత్రాలు నింపితే తొంభై ఆరుగురు నవ్వు మొహం మీద వేలిముద్ర వేశారు. వేణుమాధవ్ అప్పుడే ఉద్యోగంలో చేరిన ఉత్సాహంలో ఆ అంకెను రంగుల పటంగా గీసి, అద్దం కట్టించి, గోడకు తగిలించాడు. అలివేలుమంగ గారికి ఆ పటం ఎదుట నిలబడినా నిమ్మళం లేదు. మిగిలిన ఆ నలుగురూ ఎవరని వెతుక్కుంటూ పోయారు. ఇద్దరు అద్దాలు లేక తప్పు మొహం మీద వేలు పెట్టారు. ఒకామె మామూలు మొహమే మర్యాదగా ఉందనుకుంది. నాలుగవ ఆయన ఏడుపు మొహాన్ని కావాలనే ఎంచుకున్నాడు, అది అచ్చం తన మొహంలా ఉందట. ఆ తర్వాత పదేళ్ల పాటు ఆ అంకె తొంభై అయిదుకు దిగలేదు, తొంభై ఎనిమిది దాటలేదు.

ఈ అంకె మీద ఒక పెద్ద ఆశ ఆధారపడి ఉంది. రామగిరి వైపు నుంచి, సెంటినరీ కాలనీ నుంచి వచ్చే వృద్ధులకు మన కేంద్రం దూరాభారం. అక్కడే రెండవ కేంద్రం పెట్టాలని అలివేలుమంగ గారు తొమ్మిదేళ్లు ఉత్తరాలు రాశారు. ఎట్టకేలకు 2024లో హైదరాబాదులోని ఒక సహాయ సంస్థ ముందుకు వచ్చి, ఒకే షరతు పెట్టింది: ఆ సంవత్సరపు సేవా నాణ్యత నివేదికలో తొంభైకి తగ్గకుండా రావాలి, మార్చి నెలలో తమ బృందం వచ్చి చూసుకుంటుంది. తొంభై ఆరు చేతిలోనే ఉంది. జూలైలో పదవీ విరమణ. తొమ్మిదేళ్లు కోరుకున్న కేంద్రాన్ని కళ్లారా చూసి ఇంటికి వెళ్లవచ్చు. నోటిదాకా వచ్చిన ముద్ద అంటే అదే.

అక్టోబరులో ఒక రోజు వ్యాను నడిపే ఎల్లేశం డీజిలు చీటీ మీద సంతకం కోసం వచ్చి, మాట వరసకు, “లింగవ్వ వస్తలేదు మేడం. రెండు నెలలాయె. ఇంటి ముంగట ఆపి హారను కొడ్తున్న, తలుపు తీస్తలేదు,” అన్నాడు. లింగవ్వకు డెబ్బై ఒక్క ఏళ్లు. భర్త భూగర్భ గనిలో పనిచేసి పోయాడు. రికార్డు తీసి చూస్తే, వరుసగా పదకొండు పత్రాలలో ఆమె వేలిముద్ర నవ్వు మొహం మీదనే ఉంది. సంతకం చేయవలసిన చీటీని బల్ల మీదనే వదిలి అలివేలుమంగ గారు ఆ మధ్యాహ్నమే లింగవ్వ ఇంటికి వెళ్లారు.

లింగవ్వ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, వద్దంటున్నా వినకుండా పొయ్యి వెలిగించి చాయ్ పెట్టింది. గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా నేల మీద కూర్చొని, ఆమె రెండు గుక్కలు తాగిన తర్వాత నోరు విప్పింది.

“మీ కేంద్రం వెనుక మరుగుదొడ్డికి మూడు మెట్లున్నయి బిడ్డా. నా మోకాళ్లు ఎక్కనియ్యయి. నన్ను పట్టుకొని ఎక్కియ్యిమని ఎవలనన్న అడుగాలంటె సిగ్గు. అందుకని మీ దగ్గరికచ్చే దినం పొద్దుగాల్నుంచి నీళ్లు తాగుడే బంద్ పెట్టిన. మొన్న వానకాలం మూత్రంల మంట వట్టి నాలుగు దినాలు దవాఖానల పడ్డ. ఇగ రాబుద్ధి కాలె.”

“పదకొండు సార్లు అడిగినం గద అవ్వా. ఒక్కసారన్న చెప్పకపోతివి.”

“ఎట్ల చెప్పాలె? కుర్చీల కూసోబెడ్తిరి, చాయ్ చేతిల వెడ్తిరి, గప్పుడు ఎట్లున్నదని అడుగవడ్తిరి. మీ చాయ్ చేతిల వట్టుకొని మీది మంచిగ లేదని చెప్పేటంత నీతిలేనిదాన్ని కాదు. ఇయ్యాల నువ్వు నా ఇంటికచ్చినవు, నా చాయ్ తాగుతున్నవు. ఇప్పుడు చెప్పకుంటె తప్పయితది. అందుకే చెప్తున్న.”

పదేళ్లుగా ఎంతో మర్యాదగా, ఎంతో ప్రేమగా పోసిన చాయ్‌తో తామే వారి నోళ్లు కట్టేశామని అలివేలుమంగ గారికి అప్పుడు అర్థమైంది. ఆమె సిగ్గుపడ్డారు. ఆ మాట ఆమే తర్వాత సిబ్బంది సమావేశంలో లేచి నిలబడి చెప్పారు.

మర్నాడు ఉదయం సమితి కుట్టు తరగతి నుంచి కొలత టేపు తెప్పించి, ఆ మూడు మెట్లనూ కొలిచారు. ఒక్కొక్కటి తొమ్మిది అంగుళాల ఎత్తు. కొలిచి ఊరుకోక ఎక్కుతూ, దిగుతూ, మళ్ళీ ఎక్కుతూ ఉంటే, వ్యాయామానికి వచ్చిన సదయ్య గారు చూస్తూ నిలబడ్డారు. సదయ్య గారు గనిలో లాంపు రూము మనిషి. దిగేవారికి టోపీ దీపాలు ఇచ్చి పుచ్చుకునే చోట ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరైనవారు. లింగవ్వ సంగతంతా విని, ఆయన తీరికగా చెప్పిన మాటలు ఇవి:

“వచ్చినోళ్లను అడిగితె ఏం తెలుస్తది మేడం? షిఫ్టు దిగినంక పైకచ్చినోన్ని ఎట్లున్నవని మేం అడుగకపోదుము. వాడు వచ్చిండు గద, వానితోని ఫికరు లేదు. మేం బోర్డు దిక్కు చూద్దుము. కిందికి దిగేటోడు తన నంబరు కొట్టిన రేకు బిళ్ళ ఇచ్చి లాంపు తీస్కపోతడు, ఆ బిళ్ళ మేం బోర్డుకు తగిలిద్దుము. పైకచ్చినంక లాంపు ఇచ్చి బిళ్ళ తీస్కుంటడు. ఎవని బిళ్ళ ఇంక బోర్డుకే వేలాడుతున్నదో వాడు కిందనే ఉన్నట్టు. వాని కోసం మనిషి పోవాలె, జల్ది పోవాలె. గంతె లెక్క.”

అలివేలుమంగ గారు మెట్లు దిగి నేరుగా హాజరు పుస్తకం దగ్గరికి వెళ్లారు. నూట పద్దెనిమిది మందిలో రెండు నెలలుగా ఒక్కసారి కూడా రానివారు నలభై ఒక్కరు. పత్రాలు నింపినవారంతా వచ్చినవారే. రానివారిని పదేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ నవంబరు నుంచి జనవరి దాకా ఆమె, క్షేత్ర కార్యకర్త సంధ్యారాణి గారు కలిసి నూట పద్దెనిమిది ఇళ్లకూ వెళ్లారు. మొహాల పత్రం పక్కన పెట్టేశారు. కొత్త నియమం ఏమిటంటే, ప్రశ్న వారి ఇంట్లో అడగాలి, వారు పెట్టిన చాయ్ తాగి అడగాలి. మా దగ్గర మీకు ఇబ్బంది కలిగించిన సంగతి ఏమిటి, రావడం మానేస్తే ఎందుకు మానేశారు. ఇంతే. మొదట్లో మొహమాటపడినా, గ్లాసు సగమయ్యేసరికి మాటలు వచ్చేవి. వ్యాను హారను నలుగురు వినేలా మోగుతుంటే, తన కోసం అందరూ ఎండలో ఆగుతున్నారన్న బెంగతో మానేసినవారు ఉన్నారు. బీపీ చూసే అమ్మాయి అంకెను గట్టిగా చదివి, మందులు ఎందుకు వేసుకోవడం లేదని అందరి ఎదుటా కోప్పడితే మళ్ళీ గడప తొక్కనివారు ఉన్నారు. సారవ్వ అనే ఆమె అయితే చాలా నెమ్మదిగా, “నాకు షుగరని మీ పుస్తకంలనే రాసి ఉన్నది గద. మరి అడిగినప్పుడల్ల చక్కెర చాయ్ ఎందుకు పోస్తరు? ఇచ్చింది పారబొయ్యరాదని తాగుతున్న,” అంది. సంధ్యారాణి గారు ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నారట.

నలభై ఒక్క ఇళ్లలో మూడు ఇళ్లకు వీరు వెళ్లేసరికి, వెతుక్కుంటూ పోయిన మనిషి లేరు. ఒకరు పోయి అయిదు వారాలు దాటింది. వారి పేర్లు మన హాజరు పుస్తకంలో అలాగే ఉన్నాయి. ఆ మూడు ఇళ్లలోనూ అలివేలుమంగ గారు చాయ్ తాగలేదు, ఏమీ అడగలేదు, ఆలస్యంగా వచ్చామని మాత్రం చెప్పి వచ్చారు. మిగిలిన ఇళ్లలో తాగిన చాయ్‌లకు ఆమెకు కడుపులో మంట పట్టుకుంది. డాక్టరు చాయ్ మానమన్నారు. ఆమె మానలేదు.

జనవరి చివరన లెక్క తేలింది. ఏ ఇబ్బందీ లేదని చెప్పి, తృప్తిగా ఉన్నవారు నూటికి అరవై ఒక్కరు.

ఇక్కడ వేణుమాధవ్ తన సంగతి దాచుకోకూడదు. అతను ఆమెతో వాదించాడు. “మేడం, కొత్త లెక్క మార్చి దాటినంక బయటపెడదాం. పాత అంకె కూడ మనం కొలిచిందే గద, కల్పించింది కాదు. తొంభై ఆరు పంపిస్తె సెంటినరీ కాలనీ కేంద్రం వస్తది. అరవై ఒకటి పంపిస్తె రాదు. అక్కడి ముసలోళ్లు ఏం పాపం చేసిన్రు?” అన్నాడు.

ఆమె గది ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే విన్నారు. “నాకు తెలవనన్ని దినాలు అది తొంభై ఆరే, వేణూ. తెలిసినంక అబద్ధమే,” అన్నారు. ఇంకాసేపు నడిచి, “కేంద్రం వచ్చిందే అనుకో. తొంభై ఆరు వచ్చిన కేంద్రం అని దీన్ని చూసే కడతరు. అక్కడ కూడ మూడు మెట్లే కడతరు,” అన్నారు.

వేణుమాధవ్‌కు ఆ మాట అర్థమైంది. అయినా కోపం పోలేదు. రెండు రోజులు ఆమెతో ముక్తసరిగా మాట్లాడాడు. ఆమె అరవై ఒకటి అని రాసి, పాత అంకె ఎందుకు తప్పో ఒక పేజీ వివరణ జోడించి, సంతకం చేసి పంపించారు. గోడ మీది పటాన్ని తీయించారు. మార్చిలో బృందం వచ్చి చూసి వెళ్లింది. ఏప్రిల్‌లో ఉత్తరం వచ్చింది. రెండవ కేంద్రం ఈ సంవత్సరానికి మంజూరు కాలేదు. ఆమె దానిని నిలబడే చదివి, మడిచి, ఏడ్చారు. తర్వాత కళ్లు తుడుచుకొని, వెనుక మెట్లు పగలగొట్టి వాలుదారి కడుతున్న మేస్త్రీ దగ్గరికి వెళ్లారు. సెంటినరీ కాలనీ పేరు ఎత్తితే ఆమె ఇప్పటికీ మాట మారుస్తారు. ఈ విషయంలో వేణుమాధవ్ మనసు కూడా ఇంకా పూర్తిగా కుదుటపడలేదని రాయకపోతే ఈ వ్యాసం కూడా మొహాల పత్రమే అవుతుంది.

ఫిబ్రవరి నుంచే కేంద్రం గుమ్మం పక్కన ఒక చెక్క బోర్డు వెలిసింది. సదయ్య గారు తానే రేకు బిళ్ళలు కత్తిరించి, మేకుతో పేర్లు కొట్టి ఇచ్చారు. ఉదయం వచ్చినవారు తమ బిళ్ళ తీసి పెట్టెలో వేస్తారు. పన్నెండు గంటలకు బోర్డు మీద ఎవరి బిళ్ళ మిగిలిందో, సాయంత్రంలోగా వారి ఇంటికి ఒక మనిషి వెళ్లి రావాలి. షుగరు ఉన్నవారి చాయ్ వేరైంది. బీపీ పరీక్ష తలుపు ఉన్న గదిలోకి మారింది. హారను ఆగిపోయింది, ఎల్లేశం ఇప్పుడు దిగి తలుపు తడుతున్నాడు. మానేసినవారిలో ఇరవై ఏడుగురు తిరిగి వచ్చారు. లింగవ్వ రాలేదు. “మెట్లు తీసేసిన్రంట గద, చూస్త,” అనేది, అంతే. ఆమె బిళ్ళ జూలై దాకా ఒక్కరోజు కూడా బోర్డు దిగలేదు. రోజూ ఆమె ఇంటికి వెళ్లే పనిని అలివేలుమంగ గారు ఇంకెవరికీ ఇవ్వలేదు. పన్నెండు కొట్టగానే గుమ్మం దాకా వెళ్లి ఆ బిళ్ళను చూసి వచ్చేవారు. తాను పదవి దిగేలోగా ఆ ఒక్క బిళ్ళ దిగితే చాలని సంధ్యారాణి గారితో అన్నారు.

జూలై ఇరవై తొమ్మిదవ తేదీన కేంద్రంలో ఆమెకు వీడ్కోలు సభ జరిగింది. శాలువా కప్పారు. ఒకరి తర్వాత ఒకరు లేచి, ఆమె వంటి మనిషి లేరని, కేంద్రంలో అంతా మంచిగున్నదని చెప్పారు. అందరి చేతుల్లోనూ చాయ్ గ్లాసులే. అలివేలుమంగ గారు వేదిక మీది కుర్చీలో ఇటు జరిగి, అటు జరిగి, ముళ్ల మీద కూర్చున్నట్టు ఉన్నారు. అప్పుడు గుమ్మం దగ్గర కర్ర చప్పుడైంది. లింగవ్వ వచ్చింది. బోర్డు దగ్గర ఆగి, తన బిళ్ళ వెతుక్కొని తీసి, పెట్టెలో వేసింది. సభ వైపు రాకుండా ముందు కేంద్రం వెనక్కి నడిచింది. కాసేపటికి తిరిగి వచ్చి కూర్చుంది. ఎవరో చాయ్ ఇస్తే పుచ్చుకొని, తాగకుండా పక్కన నేల మీద పెట్టింది. రెండు మాటలు చెప్పమని కార్యదర్శి గారు మైకు అందించారు.

“వాలుదారి మంచిగనె కట్టిన్రు. పక్కకు పెట్టిన కడ్డీ ఎత్తుగున్నది. నా అసొంటి పొట్టిదానికి భుజం గుంజుతది. జానెడు కిందికి దించున్రి.”

కార్యదర్శి గారు మైకు వెనక్కి తీసుకోబోయారు. అలివేలుమంగ గారు కుర్చీలో నుంచి లేచి, వేదిక దిగి వచ్చి, లింగవ్వ ముందు నేల మీద కూర్చొని, “ఇంకేమున్నది అవ్వా, చెప్పు,” అన్నారు. అంత సంతోషంగా ఆమె మొహం మాలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. కప్పిన శాలువా ఎక్కడ పెట్టారో ఆమెకు ఇప్పటికీ గుర్తులేదు. జానెడు అన్న మాటను మాత్రం అరచేతి మీద రాసుకున్నారు. మర్నాడు కడ్డీ జానెడు దిగింది.

ఆ సభ చివరన సదయ్య గారు జేబులోంచి ఒక కొత్త బిళ్ళ తీసి ఆమెకు చూపించి, బోర్డుకు తగిలించారు. అది నూట పదహారవది. “ఒకటో తారీఖు సంది మీది గూడ ఈడ్నె ఉంటది మేడం. పన్నెండు దాటినంక బోర్డుకే ఉంటె, మనిషొస్తడు,” అన్నారు.

శ్రీమతి అలివేలుమంగ గారి మోకాళ్లు ఆమె తిరుగుడును ఇంకా అనేక సంవత్సరాలు ఓర్చుకోవాలని, కడుపులో మంట తగ్గాలని, భోజనం డబ్బా మూత వేళకు తెరుచుకోవాలని, సెంటినరీ కాలనీ కేంద్రం గుమ్మంలో ఆమె చేతులతోనే మొదటి బిళ్ళ తగిలించేంత దీర్ఘాయువు, ఆరోగ్యం ఆమెకు కలగాలని సమితి సిబ్బంది యావన్మందీ మనసారా కోరుకుంటున్నారు. ఆమె బిళ్ళ బోర్డు మీద మిగిలిపోయిన రోజున ఈ సిబ్బందిలో ఎవరో ఒకరు ఆమె ఇంటికి వస్తారు. ఆమె పెట్టిన చాయ్ తాగి, ఎట్లున్నరు మేడం అని అడుగుతారు. అది ఆమె ఇల్లు, ఆమె చాయ్ కనుక, ఆమె నిజమే చెప్పాలి.

— సిబ్బంది పక్షాన, వేణుమాధవ్